గడ్డి పరక మొలవని వాకిలి

లువీనియా గాస్కిన్‌కి రెండే రెండు భయాలు. ఒకటి గడ్డి. రెండోది తెల్లవాడి బూటు. మొదటిదాన్ని చీపురుతో ఆపింది. రెండోదాన్ని కూడా చీపురుతోనే ఆపగలనని చాలా ఏళ్ళు నమ్మింది. ఆ నమ్మకం ఎలా పోయిందో నేను కళ్ళారా చూశాను.

మాది టానర్స్ బాటమ్, నల్లవాళ్ళ పేట. రైలు పట్టాలకి ఇవతల, పల్లంలో. పట్టాలకి అవతల తెల్లవాళ్ళ ఇళ్ళు. అక్కడ వంటలు చేసి, బట్టలు ఉతికి, పొద్దుగూకేలోగా ఇవతలికి వచ్చెయ్యాలి. అవతల మాకు ఇల్లు అమ్మేవాడు లేడు. ఇవతల మాకు అప్పిచ్చే బ్యాంకు లేదు. అయినా మా క్లే వీధిలో ఇళ్ళు లేచాయి. లువీనియా మొగుడు ఎజెల్ రైల్వేలో పట్టాలు మోసేవాడు. ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక, పాత చెక్కలు ఏరుకొచ్చి ఒక్కో గదీ లేపాడు. చివరి గదికి కిటికీ బిగించిన ఏడాదే గుండె ఆగి పోయాడు. ఆ కిటికీ సగమే తెరుచుకునేది. వడ్రంగిని పిలవమంటే, "ఆయన పెట్టింది, అలాగే ఉండనీ" అనేది. వాళ్ళకి పిల్లల్లేరు. పగలు మా పిల్లల బడిలో వంట చేసేది, మిగతా వేళంతా ఇంటినే అంటిపెట్టుకుని ఉండేది.

గడ్డి భయం పల్లెలో పట్టుకుంది. పత్తి చేలల్లో పుట్టిన మనిషి. ఆమె తమ్ముడు, ఇంకా పాకే బిడ్డ, గుడిసె ముందు గడ్డిలో ఆడుతుంటే రాగిరంగు పాము కరిచింది. పట్నంలో ఆసుపత్రి ఉంది కానీ అది మాకు కాదు. బిడ్డ మధ్యాహ్నానికే పోయాడు. ఆ సాయంత్రమే వాళ్ళమ్మ పార పట్టుకుని గుడిసె చుట్టూ ఉన్న పచ్చదనమంతా చెక్కేసి, ఎర్రమట్టి తేలేదాకా ఊడ్చిందట. మా వాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. ఇంటి ముందు నేల నున్నగా, బోడిగా ఉంటే అక్కడ మనుషులు పరువుగా బతుకుతున్నారని లెక్క. గడ్డి మొలిచిందంటే ఇంట్లో వాళ్ళు చచ్చిపోయైనా ఉండాలి, సిగ్గు వదిలేసైనా ఉండాలి.

బూటు భయం కూడా అక్కడిదే. ఒకనాటి తెల్లవారుజామున, ఊడ్చిన వాకిట్లో గుడిసె చుట్టూ బూట్ల అచ్చులు కనిపించాయట. వాళ్ళ నాన్న వాటిని చూశాడు. పెళ్ళాం పిల్లల్ని బండెక్కించి, పొయ్యి మీద కుండని అలాగే వదిలేసి, ఆ పూటే మా ఊరికి వచ్చేశాడు. ఎందుకని లువీనియా ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మాలో అలాంటివి అడగరు.

నేను కొత్త కోడలిగా ఎదురింట్లో దిగినప్పుడు, చీపురు పట్టుకోవడం నేర్పింది ఆవిడే. ఆకులు రాలే కాలంలో డాగ్‌వుడ్ చెట్టు సన్న కొమ్మలు నరికి, ఎండబెట్టి, గుడ్డపేలికతో చీపురు కట్టేది. శనివారం పొద్దున్నే వరండా మెట్ల దగ్గర మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ గేటుదాకా ఊడ్చేది. తన అడుగు కూడా మిగలకూడదు.

"వర్డెల్, అలా కుమ్మకే! నేలకి తల దువ్వుతున్నట్టుండాలి. మీ అమ్మ నీకేం నేర్పింది, తినడమేనా?"

"తినడం బాగా నేర్పింది అత్తా, కావాలంటే నీ చిలగడదుంపల తీపి పెట్టి చూడు."

"ముందు ఆ మూల ఊడువు. అదిగో, పరక! నవ్వుతావేం? దాని వెనక ఏముంటుందో నీకేం తెలుసు."

పొద్దున లేవగానే తలుపు తీసి, కాఫీ అయినా తాగకుండా, వాకిలి చదివేది. పిల్లి వెళ్ళింది, పేపరువాడు వచ్చాడు, ఆర్టిస్ టేట్ తాగి దారి తప్పాడు, అన్నీ మట్టే చెప్పేది. కుక్కని పెంచుకోమంటే, "నా వాకిలుందిగా" అనేది.

ఆర్టిస్ టేట్ గురించి ఇక్కడ చెప్పాలి. మా వీధిలో గడ్డి ఉన్న ఇల్లు అతనిదొక్కటే. పట్టాలకి అవతల తెల్లవాళ్ళ తోటల్లో గడ్డి కోసి బతికేవాడు.

"ఏవయ్యా ఆర్టిస్, ఇంట్లో మనుషులున్నారా, మేకలున్నాయా?" అని గేటు దగ్గర నిలబడి అరిచేది లువీనియా.

"పొద్దస్తమానం వాళ్ళ గడ్డి కోసి వస్తాను లువీనియమ్మా. ఇంటికొచ్చి నాది కూడా కొయ్యమంటావా? దాన్నీ ఓ రోజు బతకనీ!"

వీధంతా నవ్వేది. ఆ నవ్వు పంతొమ్మిది వందల యాభై ఎనిమిది వసంతంలో ఆగిపోయింది.

ఆ వసంతంలో ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక మిమ్స్ పాస్టరు గారు కూర్చోమని చెయ్యి చూపించారు. ఊరిని బాగు చేస్తారట. కుళ్ళిపోయిన పేటలు తీసేసి పెద్ద రోడ్డూ, సభాభవనమూ కడతారట. ఇళ్ళు చూడ్డానికి మనుషులొస్తారట. శుభ్రంగా ఉన్న ఇళ్ళని ముట్టుకోరని కార్పొరేషన్ నుంచి ఎవరో ఆయనతో అన్నారట. మురుగు కాలువ వెయ్యండని మేం ఏళ్ళ తరబడి కాళ్ళావేళ్ళా పడితే మా పల్లంలోకి తొంగి చూడని వాళ్ళు, ఇప్పుడు మా శుభ్రం చూడ్డానికి వస్తారట! నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ భయం ముందు కోపం ఎంతసేపు నిలుస్తుంది? ఇంటికెళ్ళి నేనూ కిటికీలు తుడవడం మొదలుపెట్టాను. ఆ వారం మా వీధిలో ఎవరికీ ముద్ద దిగలేదు. పిల్లలు గట్టిగా నవ్వినా తల్లులు కసిరేవాళ్ళు.

గురువారం పొద్దున, లువీనియా నా తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని తన ఇంటికి లాక్కెళ్ళింది.

వాకిట్లో బూట్ల అచ్చులు. మడమలు లోతుగా దిగినవి. గేటు దగ్గర మొదలై, ఎజెల్ కట్టిన చివరి గది పక్కనుంచి ఇంటి చుట్టూ తిరిగి, వెనక కంచె దగ్గర ఆగాయి. కంచె అవతల భూమిలో కొత్త కర్ర మేకు దిగ్గొట్టి ఉంది. దాని తలకి ఎర్రగుడ్డ. అలాంటిదే ఇంకొకటి పక్కింటి వెనక, ఇంకొకటి ఆ పైన. తిన్నగా, వరసగా, మా వీధి నడ్డి మీదుగా వెళ్తున్నాయి.

"ఒక్క చప్పుడైనా వినలేదే," అంది. "కిటికీ పక్కనే పడుకున్నాను. సగం తెరిచే ఉంది. నా తల దగ్గర నిలబడ్డాడే వాడు, చూడు, రెండు కాళ్ళూ!"

కిటికీ కింద నిజంగానే రెండు అచ్చులు జతగా ఉన్నాయి. పాస్టరు గారికి కబురు పెట్టాం. ఆయన వచ్చి చూసి, నీళ్ళ గొట్టాల వాళ్ళేమో, మంచికేనేమో అన్నారు. ఆయన గొంతులో నమ్మకం లేదు, కానీ నమ్మకం లేకుండా బతకడం మాకు చేతకాదు. ఆయన వెళ్ళగానే లువీనియా చీపురు తెచ్చి ఆ అచ్చులన్నీ ఊడ్చేసింది.

"శుభ్రంగా ఉంటే ముట్టుకోరన్నారుగా," అంది. "ముట్టుకోరు కదే?"

"ముట్టుకోరత్తా," అన్నాను. ఇంకేం అనను?

శనివారం వీధి వీధంతా చీపుళ్ళు పట్టుకుంది. మిగిలింది ఆర్టిస్ వాకిలొక్కటే. ఆ ఒక్కటీ చూసి మా అందరినీ కుళ్ళు కింద జమ కట్టేస్తారని లువీనియాకి దడ. పారలు పట్టుకున్న ఆడవాళ్ళని వెంటబెట్టుకుని అతని గేటు తోసింది. అందులో నేనూ ఉన్నాను.

ఆర్టిస్ బనీనుతో మెట్ల మీదికి పరిగెత్తుకొచ్చాడు. "ఆగండి తల్లీ, ఆగండి! వాళ్ళకి గడ్డంటే ప్రాణం. నాకు తెలుసు, రోజూ చూస్తాను. పిల్లల జుట్టు కంటే ముందు గడ్డి కత్తిరిస్తారు వాళ్ళు. ఉండనివ్వండి!"

"నీ బద్ధకానికి తెల్లవాళ్ళని అడ్డం పెట్టకు," అంది లువీనియా. "వాళ్ళకి డాక్టర్లున్నారు, పాముని కూడా ముద్దుగా పెంచుకుంటారు. జరుగు."

అతను మెట్ల మీద కూలబడి తల పట్టుకున్నాడు. మేం అతన్ని ఆటపట్టిస్తూనే గడ్డంతా వేళ్ళతో సహా పీకేశాం. సాయంత్రానికి క్లే వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎర్రగా, నున్నగా, గీతలు గీతలుగా మెరిసింది. అంత అందంగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆ కాసేపు మాకు భయం కూడా తగ్గింది.

సోమవారం ఇద్దరొచ్చారు. ఒకడు నడివయసువాడు, ఒకడు మీసం కూడా సరిగా రాని కుర్రాడు. లువీనియా చర్చికి వేసుకునే నీలం గౌనూ, టోపీ వేసుకుని వరండాలో నిలబడింది. నేను మా తలుపు చాటున ఉన్నాను. గేటు తీసుకుని, ఊడ్చిన గీతల మీద నుంచి తిన్నగా నడిచొచ్చారు.

"లువీనియా అంటే నువ్వేనా?" అన్నాడు కుర్రాడు. ఆమెకి వాడి నానమ్మ వయసుంటుంది.

"అవును బాబుగారూ. లోపలికి రండి, అంతా చూడండి. ఇల్లు గట్టిది బాబుగారూ. మా ఆయన కట్టాడు."

వాళ్ళు లోపలికి వెళ్ళలేదు. పెద్దవాడు అక్కడే నిలబడి వీధి పొడవునా చూశాడు.

"గడ్డి పరక లేదు చూశావా," అన్నాడు కుర్రాడితో. "వట్టి మట్టి. వీధంతా అంతే. మురికివాడ అని వేరే చెప్పాలా?"

"ఊడ్చానండీ," అంది లువీనియా. "గడ్డి నేనే పీకేశానండీ. శుభ్రం కోసమండీ."

ఆ మాట వాళ్ళు వినలేదు, లేదా విన్నా అర్థం కాలేదు. కుర్రాడు ఎర్రరంగు డబ్బా తీసి గుమ్మం పక్కన అడ్డంగా ఒక గీటు గీశాడు. పక్కింటికి వెళ్ళారు. అక్కడా గీటే. ఆర్టిస్ ఇంటికీ గీటే. లువీనియా మెట్ల మీద నిలబడి ఒక్కో గీటూ చూసింది. వాళ్ళు వెళ్ళాక నేను పరిగెత్తాను. ఆమె నన్ను చూడలేదు. కాళ్ళ కింద ఉన్న ఎర్రమట్టిని, అది తను చేసిన పాపమన్నట్టు చూస్తోంది.

ఆకులు రాలకముందే ఇళ్ళు పడగొట్టారు. చేతిలో పెట్టిన డబ్బు ఇంకో ఇంటికి చాలదు, చాలినా మాకు అమ్మేవాడు లేడు. మమ్మల్ని మిల్లుల వెనక కొత్తగా కట్టిన ఇటుక గదుల్లో పెట్టారు, అక్కడా అందరం నల్లవాళ్ళమే. పట్టాలకి అవతల ఒక్క ఇల్లు కూడా కదల్లేదు. లువీనియా ఇంటి మీద యంత్రం పడిన రోజు ఆమె వెళ్ళలేదు. నేను వెళ్ళాను. ఎజెల్ పెట్టిన కిటికీ ఆఖర్న పడింది.

కొత్తచోట ఇటుక గోడల చుట్టూ కార్పొరేషన్ వాళ్ళు గడ్డి వేశారు. మొదటి వేసవిలోనే సగం మాడిపోయింది, ఎవరికీ పట్టలేదు. ఒకరోజు పొద్దున నేను రొట్టె తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళేసరికి, లువీనియా కిటికీ కింద మోకాళ్ళ మీద ఉంది. ఎక్కడినుంచో గడ్డి దుబ్బులు తవ్వుకొచ్చి, మాడిన చోటల్లా నాటుతోంది. ఒక్కో దుబ్బునీ ముట్టుకునే ముందు కర్రతో కదిపి చూస్తోంది. భయానికి ముఖమంతా చెమట. అయినా చేతులు లోపలికి పెడుతూనే ఉంది.

నేను ఒక అడుగు వేశాను.

"తొక్కకే!" అని అరిచింది. "చచ్చిపోతుంది. బోడిగా కనిపిస్తే మళ్ళీ వస్తారు."

ఇన్నాళ్ళూ నోట్లో ఆగిన మాట బయటికి వచ్చేసింది. "అత్తా, గడ్డి వల్ల కాదు. రోడ్డు మేకులు ముందే దిగ్గొట్టారు, ఆ బూటు అచ్చులు నువ్వే కదా నాకు చూపించావు? మనం గడ్డి పెంచినా తీసేసేవాళ్ళే. పూలతోట పెంచినా తీసేసేవాళ్ళే. మనం మనం కాబట్టి తీసేశారు. నీ తప్పు లేదు."

ఆమె చేతిలో దుబ్బు అలాగే ఉంది, వేళ్ళ నుంచి మట్టి రాలుతోంది.

"నాకా మాట చెప్పకే వర్డెల్," అంది. "గడ్డయితే నాటుకుంటాను. నువ్వన్నదే నిజమైతే ఏం నాటను?"

నేను రొట్టె కిటికీ మీద పెట్టి, వెళ్ళి ఆ దుబ్బులకి నీళ్ళు తెచ్చాను.