అరవై గోలీసోడాలు, తుంబురు కోన

సెలయేటి ఒడ్డుకు పోయి నీళ్ళు అమ్మాలనే ఆలోచన, తిరుపతిలో ఇంతమంది వ్యాపారస్తులు ఉండగా, నా ఒక్కడికే వచ్చింది. ఆ ఘనతలో వాటా కావాలని అప్పుడు ఎవరూ రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఎనభైల్లో మాట. తిరుమల వెనకాల శేషాచలం అడివిని అభయారణ్యం చేసిన కొత్త. నేషనల్ పార్కు అనే పేరు ఇంకా రాలేదు గానీ, పాపవినాశనం దాటినాక దారి మొదట్లో ఒక బోర్డు, ఒక కర్రగేటు, ఖాకీ గుడ్డల్లో ఒక గార్డు వచ్చేసినారు. ఆ గేటు దాటి రెండు గంటలు రాళ్ళల్లో, వాగుల్లో నడిస్తే తుంబురు తీర్థం. నిలువునా చీలిన కొండ నడిమధ్యలో నుంచి నీళ్ళు వస్తాయి. ఏడాదికొకసారి, ఫాల్గుణ పౌర్ణమికి, జనం పొద్దున్నే బయల్దేరి పోయి ఆ నీళ్ళల్లో మునిగి వస్తారు.

మాది తిరుపతిలో గుడి పక్క వీధి. మా నాయనది పసుపు కుంకుమ అంగడి. మా వీధిలో ఏడెనిమిది అంగళ్ళవాళ్ళకు తీర్థం రోజు కొండలోకి సరుకు తీసుకుపోయే వాడుక ఉండేది. బొరుగులు, పప్పులు, బెల్లం, దోసకాయలు. అన్నీ కడుపులోకి పోయేవే. సరుకు అయిపోతానే గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని, చేతులూపుకుంటూ దిగివచ్చేవాళ్ళు. పాతికేళ్ళు నిండని నాకు అది వ్యాపారంగానే కనపడలేదు. బొరుగులు తిన్నవాడికి దప్పిక కాదా? అయితే వాడికి నేను సోడా అమ్ముతాను. ఇదీ నా లెక్క.

సోడాలు చేసే ముసలాయన దగ్గర అయిదు డజన్లు మాట్లాడినాను. సీసాలకు అడ్వాన్సు కట్టమన్నాడు. మా నాయన పేరు చెప్పి, మా తాత పేరు చెప్పి, చివరికి ఆయన కూతురి పెళ్ళికి పసుపు మా అంగట్లో నుంచే పోయిందని గుర్తు చేసి, పైసా కట్టకుండా తెచ్చుకున్నాను. తర్వాత మోత. వడమాలపేట నుంచి కూలికి వచ్చిన అన్నదమ్ములిద్దరు పోనూ రానూ కలిపి ఒక రేటు చెప్పినారు. నా తెలివి అంతా బయటపడింది ఇక్కడే.

"పోయేటప్పుడంటే సరుకు. వచ్చేటప్పుడు ఖాళీ సీసాలు. ఖాళీకి కూలేంది? పోయేదానికి మాత్రమే ఇస్తా" అన్నాను.

అన్న తమ్ముడి ముఖం చూసినాడు. "అట్నే కానీప్పా" అన్నాడు.

నేను అంగట్లో పుట్టి పెరిగినవాణ్ణి. అవతలివాడు రెండో మాట లేకుండా ఒప్పుకుంటే ఆ బేరాన్ని మళ్ళీ ఒకసారి తిరగేసి చూసుకోవాలని నాకు తెలిసుండాల. నేను మీసం దువ్వుకుంటూ ఇంటికి పోయినాను. మా నాయన కర్పూరం పొట్లాలు కడుతూ, తలెత్తకుండా, ఒక్కమాట అడిగినాడు.

"దిగొచ్చేటప్పుడు ఏం మోసుకొస్తావురా?"

"డబ్బులు" అన్నాను.

పౌర్ణమి పొద్దున గేటు దగ్గర గార్డు మమ్మల్ని నిలబెట్టినాడు. యాభై ఏళ్ళ మనిషి, ఎండకు నల్లబడిన ముఖం. బొరుగుల మూటలను చేత్తో తట్టి పంపించినవాడు నా కావళ్ళ దగ్గర కూర్చుండిపోయినాడు. గడ్డి పక్కకు తీసి ఒక్కొక్క సీసా లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాడు. రాస్తూనే చెప్పినాడు, కిందటి నెలలో ఒక దుప్పి వాగు దగ్గర కుంటుతూ కనిపించిందట. గిట్టల మధ్యలో గాజుపెంకు. దాన్ని పట్టుకోనూ లేక, తీయనూ లేక, మూడు రోజులు దాని వెనకాలే తిరిగినాడట. నాలుగో రోజు అది కనపడలేదు.

"అరవై లోపలికి పోతాండాయి. అరవై బయటికి రావల్ల. ఒక్కటి తగ్గినా వచ్చే ఏడు మీ వీధోళ్ళ బొరుగుల మూట గూడా ఈ గేటు దాటదు. సూస్కో మరి."

నా వెనకాల మా వీధివాళ్ళు అందరూ విన్నారు. అందరూ నా వైపు చూసినారు, అంతే.

తీర్థంలో సోడాలు చల్లబడాలని సీసాలను నీళ్ళగుండంలో వరసగా పెట్టినాను. కూలీలు చెరొక సోడా తాగి, కావడిబద్దలు భుజాన వేసుకుని, పోయొస్తామప్పా అని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయినారు. మూతికి అడ్డంగా ఉండే గోలీని బొటనవేలితో లోపలికి నొక్కి మొదటి సోడా కొట్టినాను. కీచుమన్న చప్పుడు కొండచరియలకు తగిలి పదిసార్లు తిరిగొచ్చింది. చెట్ల మీద కోతులన్నీ పారిపోయినాయి. జనం నవ్వినారు గానీ ఒక్కరూ కొనలేదు. నడుము లోతు నీళ్ళల్లో నిలబడిన ఒక అవ్వ దోసిలితో నీళ్ళు తాగి నన్ను చూసి జాలిపడింది.

"ఈడ కొండే పోస్తాండాది గదా నాయనా, నువ్వెందుకు ఇంత దూరం మోసుకొస్తివి?"

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు తిన్నాక కడుపు బరువైనవాళ్ళ పుణ్యాన ఇరవై రెండు పోయినాయి. తర్వాత రేటు తగ్గించినాను. తర్వాత సగానికి ఇస్తానన్నాను. ఆ తర్వాత నా వంశంలో ఎవరూ అనని మాట అన్నాను, ఊరికే తాగండని. అప్పటికీ బతిమాలాల్సి వచ్చింది. ఊరికే ఇచ్చే అంగడివాణ్ణి ఎవరు నమ్ముతారు? నేను నాలుగు తాగినాను. మిగిలినవి పారబోసినాను.

ఖాళీ సీసాలను రెండు గోనెసంచుల్లో గడ్డి వేసి సర్దుతూ లెక్కపెట్టినాను. యాభై తొమ్మిది. మళ్ళీ పెట్టినాను. యాభై తొమ్మిదే. గుండంలో చేతికి అందినంత మేర తడిమినాను. పొద్దు వాలుతూ ఉంది. సరే, గేటు దగ్గర చూసుకుందామని సంచి ఎత్తినాను. ఎత్తినాక తెలిసింది మా నాయన అడిగినదేమిటో. గోలీసోడాలో బరువంతా గాజుదే. లోపల ఉండేది నాలుగు గుక్కలు.

రెండు సంచులూ ఒకేసారి కావు. ఒకటి మోసుకుని కొంత దూరం పోయి, చెట్టు కింద పెట్టి, వెనక్కి వచ్చి రెండోది మోసుకుపోయినాను. కోతులు సంచి విప్పక ముందే పరుగెత్తుకు రావాల. దిగిపోయే జనం కొందరు సాయం పడతామన్నారు. సీసా చేతులు మారితే లెక్క మారుతుందని వద్దన్నాను. అమ్మకంలో ఓడిపోయినాను, సరే. మా వీధి నోట్లో మన్ను కొట్టినవాణ్ణి మాత్రం కాకూడదు. అదొక్కటే అనుకుంటూ నడిచినాను. భుజం తోలు లేచింది. చెప్పు వాగులో పోయింది. నిలబడలేదు.

నడిచినంత సేపూ ఇంకొక పనీ చేసినాను. దాచను. సరుకు రెండేసి ఎంచుతూ, మధ్యలో ఒకచోట రెండింటినే మూడని పలికే విద్య మా అంగళ్ళల్లో ఉంది. నాకు బాగా వచ్చు. యాభై తొమ్మిదిని అరవై చేయడం నాకొక పని కాదు. ఎక్కడ పలకాలో కూడా ఖాయం చేసుకున్నాను.

రాత్రి బాగా పొద్దుపోయినాక, వెన్నెల్లో గేటు చేరినాను. గార్డు టీ తాగుతూ ఉన్నాడు. సంచుల వైపు చూసి, లేవకుండానే, "నువ్వే లెక్కబెట్టి చెప్పప్పా. అంగడోళ్ళు లెక్క తప్పరు గదా" అన్నాడు.

ఆ మాటతో నాలుక చివర ఉన్న అరవై, సోడా కొట్టినప్పుడు గోలీ దిగినట్టు లోపలికి దిగిపోయింది.

"యాభై తొమ్మిదన్నా" అన్నాను.

ఆయన టీగ్లాసు కింద పెట్టినాడు. "రేపు సాయంత్రం దాకా పుస్తకం మూయనులే. తీర్థం రోజు దాటితే ఒక్కణ్ణే లోపలికి పంపగూడదు. నేనూ వస్తా" అన్నాడు. మరుసటి రోజు దారి పొడుగునా ఆయన ఒక్కమాట తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు నడక తేలికయ్యేది.

గుండంలో గొంతు వరకు దిగినాను. రాతి అరుగు కింద కాలికి ఏదో తగిలింది. మునిగి చేయి పెడితే వేలు తెగింది. దొరికింది సీసా కాదు, సీసా ముక్కలు. మళ్ళీ మళ్ళీ మునిగి, ఇసుకను పిడికిళ్ళతో ఎత్తి ఒడ్డున పోసి, ఏరి, తువ్వాల్లో వేసినాను. గార్డు బండ మీద కూర్చుని ఆ ముక్కలను ఒకదాని పక్కన ఒకటి పేర్చినాడు. అడుగు, నడుము, మెడ. గోరంత సందు కనిపిస్తే నా వైపు చూసేవాడు, నేను మునిగేవాణ్ణి. బండ మీద సీసా మొత్తం పడుకునే సరికి మధ్యాహ్నం దాటింది.

"గోలీ?" అన్నాడు.

"దొరకలేదన్నా. ఇంకా దిగుతాను."

ఆయన నా చేతులు చూసినాడు. నీళ్ళకు నాని తెల్లగా పాలిపోయి, నాలుగు వేళ్ళు తెగి ఉన్నాయి. "గుండ్రంగా ఉంటాది. ఏ కాలినీ కోయదు. లెయ్ ఇంక" అన్నాడు. కిందికి వచ్చినాక పుస్తకంలో అరవై చేరినాయని రాసి, దాని కింద గోలీ ఒకటి రాలేదని కూడా రాసినాడు.

మా నాయన పసుపు తెచ్చి నా వేళ్ళకు అద్దినాడు.

కడపటి లెక్క, దాచకుండా. కొండలోకి పోయిన సోడాలు అరవై. అమ్మినవి ఇరవై రెండు. ఊరికే ఇచ్చినవి ఇరవై ఏడు. కూలీలు తాగినవి రెండు, నేను తాగినవి నాలుగు, అందులో మూడు దప్పికకు కాదు, పారబోయడానికి మనసొప్పక. పారబోసినవి నాలుగు. పగిలింది ఒకటి, దాని ఖరీదు సోడా ముసలాయనకు ఇచ్చేసినాను. ఆ దారి నేను నడిచింది రెండు రోజుల్లో ఆరుసార్లు. కూలి మిగిలింది ఒక్కసారికి. మరుసటి ఏడు మా వీధి బొరుగులు గేటు దాటినాయి. అడివికి నేనింకా బాకీ ఉన్నది, గోలీ ఒకటి.