మా అత్త బండికి పెట్టిన రెండు దీపాలు

వైరు మీది రబ్బరు వేడెక్కితే వచ్చే వాసన నాకు పడదు. మొన్న శనివారం ఏక్‌బాల్‌పూర్‌లో మా వీధి మలుపున ఉన్న మెకానిక్ కొట్టు ముందు ఆ వాసన తగలగానే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మా మనవరాలు మేఘన సాల్ట్ లేక్‌లో ఉద్యోగం చేస్తుంది, చీకటి పడ్డాక స్కూటరు మీద ఇంటికొస్తుంది. పొగమంచులో దారి కనబడటం లేదని రెండు పసుపు దీపాలు కొనుక్కొచ్చి బిగించమని ఇచ్చింది. అతుకు మీద రబ్బరు గొట్టం తొడిగి, లైటరుతో వేడి చేసి బిగిస్తున్నాడు మెకానిక్. నేను ఒక స్టూలు వేయించుకుని అతని పక్కనే కూర్చున్నాను. కరెంటు హెడ్‌లైటు వైరు నుంచి లాగుతున్నావా, బ్యాటరీ నుంచి వేరే వైరు వేస్తున్నావా అని అడిగాను. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టావా అని, ఈ దీపాలకి విడిగా స్విచ్చి ఉందా అని, హ్యాండిల్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పితే వైరు ఎక్కడైనా ఇనుముకి రాసుకుంటోందా అని వరసగా అడిగాను.

"మాసిమా, మీరు ఇంజనీరా?" అని నవ్వాడతను. మాసిమా అంటే పిన్ని.

"ఛాడో నా అమ్మమ్మా, దాదా పని దాదాని చెయ్యనీ," అంది మేఘన సిగ్గుపడిపోతూ. వదిలెయ్యి, అన్న పని అన్నని చెయ్యనీ అని. సగం బెంగాలీ, సగం తెలుగు. మా ఇంట్లో పిల్లల మాట ఇప్పుడంతే.

నేను వదల్లేదు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పించి, దీపాలు ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా కిందికి వంచించి, హెడ్‌లైటు వెలుగు తగ్గలేదని గోడ మీద చూసుకున్నాకే లేచాను. ఇంజనీరుని కాను. జీవితమంతా బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఒక తప్పు జరిగితే అది ఏ మెట్టు దగ్గర జరిగిందో తేల్చాలి అనేది నా అలవాటు. మా ఇంట్లో జరిగిన ఒక తప్పుని మాత్రం ఎవరూ తేల్చనివ్వలేదు.

మావాళ్ళు శ్రీకాకుళం తీరం నుంచి ఈ బెంగాలు రేవులో పనికి వచ్చినవాళ్ళు. నా చిన్నతనంలో ఇదే ఏక్‌బాల్‌పూర్‌లో, ఇప్పుడు మేడలు లేచిన చోట, పెంకుటిళ్ళ వరస ఒకటుండేది. అందులో మాది రెండు గదుల ఇల్లు. చలికాలం సాయంత్రాలు వరసలో ప్రతి గుమ్మం ముందూ బొగ్గు పొయ్యి రాజేసేవారు. ఆ పొగ పైకి పోకుండా నడుం ఎత్తున నిలబడి, మంచుతో కలిసి, రేవు నుంచి వచ్చే తారు వాసన, జనపనార బస్తాల వాసన అన్నిటినీ తనలో ఇముడ్చుకుని మా బట్టలకీ జుట్టుకీ పట్టేసేది. ఆ పొగలోనే మేం ఆడపిల్లలం సుద్దముక్కతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. గడి గీత కనబడక తొక్కామో లేదో అని కొట్టుకునేవాళ్ళం. డిసెంబరు వచ్చిందంటే అమ్మా పక్కింటివాళ్ళూ కలిసి క్రిస్మస్‌కి అరిసెలు వండేవారు. ఊళ్ళో అయితే చెరకు బెల్లంతో వండుతారట. మాకు ఇక్కడ చలికాలంలో వచ్చే ఖర్జూరపు బెల్లం దొరికేది. దాంతో వండిన అరిసె నల్లగా, మెత్తగా ఉండి, కొరికితే కాస్త పొగ వాసన వేసేది. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ఇవి అరిసెలే కావని తేల్చి, డబ్బా ఖాళీ చేసి వెళ్ళేవారు.

మా మామ్మ, అంటే నాన్న తల్లి, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. పాస్టరుగారు వస్తున్నారని ఎవరైనా కేకేస్తే చుట్టని గోడ సందులో దోపి, ఇంత సోంపు నోట్లో వేసుకుని, తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని, ఆయనకంటే ముందే ప్రార్థన మొదలుపెట్టేది. ఆ ఇంట్లో మామ్మ మాటకి ఎదురులేదు. మా నాన్న రేవులో వించి నడిపేవాడు. బరువులెత్తే యంత్రం చేతిలో ఉన్న మనిషి కనక ప్రపంచంలో ఉన్న యంత్రాలన్నీ తనకి తెలిసినవేనని ఆయన నమ్మకం. ఏటేటా క్రిస్మస్‌కి వెదురు బద్దలతో, రేవు పక్కనున్న మెటియాబ్రుజ్‌ పేట నుంచి తెచ్చిన గాలిపటాల కాగితంతో పెద్ద నక్షత్రం కట్టి, ఇంట్లో ఉన్న ఒక్క బల్బు వైరు గీరి దానికి ఇంకో వైరు మెలేసి, పైన గుడ్డ టేపు చుట్టి, నక్షత్రంలో దీపం వెలిగించేవాడు. వెలిగేది కూడా. వరసంతా వచ్చి చూసేవారు. ఆ మెచ్చుకోలే మా కొంప ముంచింది.

ఇంక మా అత్త. నాన్నకి చెల్లెలు, పేరు దయామణి. రేవు కూలీల ఆసుపత్రిలో నర్సు. పొడుగ్గా ఉండేది, చీరకి పిన్నులు పెట్టుకునేది, ఎవరు పిలిచినా వెనక్కి తిరిగి చూశాకే జవాబు చెప్పేది. ఆసుపత్రిలో ఆమె పైన పనిచేసిన ఆంగ్లో ఇండియన్ నర్సమ్మ దేశం విడిచి వెళ్ళిపోతూ తన స్కూటరు అత్తకి ఇచ్చేసి వెళ్ళింది. అదే మా వరసలోకి వచ్చిన మొదటి స్కూటరు, దాన్ని నడిపింది ఆడమనిషి. పగలు ఆసుపత్రి డ్యూటీ అయ్యాక అత్త ఆ బండి మీద మెటియాబ్రుజ్‌ వెళ్ళి, దర్జీల ఇళ్ళలో బాలింతలకీ పసిపిల్లలకీ కావలసినది చూసి వచ్చేది. బస్సు మీదైతే ఆ పని కుదిరేది కాదు. నాకు బడి లేని రోజు నన్నూ వెనక ఎక్కించుకునేది. ఒక చేత్తో అత్త నడుం, ఇంకో చేత్తో మందుల సంచి పట్టుకుని, దర్జీ మిషన్ల చప్పుడు వీధి పొడుగునా మాతో పాటు వస్తుంటే, నా అంత గొప్పవాళ్ళు ఇంకెవరూ లేరనుకునేదాన్ని.

వరసలో మగవాళ్ళకి అది నోటికి పని. పక్కింటి అప్పన్న రోజూ గుమ్మంలో కూర్చుని కాసుకునేవాడు.

"ఏటి దయామణీ, మొగుడు దొరక్క బండిని కట్టుకున్నావేటి?"

"పెట్రోలు పోస్తే సాలు బావా. మూడు పూటలా వండక్కర్నేదు," అనేది అత్త, బండి ఆపకుండానే.

నవ్వేవాళ్ళు నవ్వేవారు. కానీ ఖరగ్‌పూర్ నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. రైల్వేలో పని, భార్య పోయిన మనిషి, ఇద్దరు పిల్లలు. అత్త వద్దంది. అప్పటి నుంచి ఇంట్లో ఏ మాట మొదలైనా బండి దగ్గరికే వచ్చి ఆగేది. చలికాలం రాగానే మామ్మ తన తీర్పు చెప్పింది.

"ఆడపిల్ల సీకట్లో బండెక్కి తిరుగుతంటే సూసినోల్లు ఏటనుకుంతారు? తిరగాలంటే ముందర రెండు దీపాలెట్టించుకోవాల. మన గుంటే వస్తందని దూరం నుంచి అందరికీ తెలవాల. నేదంటే బండి మానీయాల."

అత్తకి హెడ్‌లైటు చాలు. కానీ రెండు దీపాలతో ఇంటి నోరు మూతపడుతుందంటే ఎవరు కాదంటారు? సరేనంది. నాన్న పాత మోటారు సామాన్ల బజారుకి వెళ్ళి ఒక జీపువి కాబోలు రెండు పెద్ద దీపాలు తెచ్చాడు. ఆదివారం ఆరాధన అయ్యాక, వరస పిల్లలందరూ చుట్టూ మూగి ఉండగా, బండి ముందు బిగించాడు. నక్షత్రానికి చేసినట్టే చేశాడు. హెడ్‌లైటు వైరు గీరి, రెండు దీపాల వైర్లూ దానికే మెలేసి, గుడ్డ టేపు చుట్టి, హ్యాండిల్ కింద మెడ దగ్గర నుంచి లాగి కట్టేశాడు. ఫ్యూజు లేదు, వేరే స్విచ్చి లేదు. ఆ బండికి అసలు బ్యాటరీయే లేదని, ఇంజను తిరుగుతూ పుట్టించే కరెంటు ఒక్క హెడ్‌లైటుకి సరిపడేంతేనని నాకు పెద్దయ్యాక తెలిసింది. అత్తకి మాత్రం మొదటి సాయంత్రమే అనుమానం వచ్చింది.

"అన్నియ్యా, హెడ్‌లైటు మసకబారినాదేటి? బండి నెమ్మదైతే మూడూ గుడ్డివైపోతన్నాయి."

"దీపాలెక్కువెడితే ఎలుగు పెరుగుతాదిగానీ తగ్గుతాదేటే? నీ కల్లు సూపించుకో," అన్నాడు నాన్న. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అత్త ఇంకేమీ అనలేదు. ఏమైనా అంటే దీపాలు పోతాయి, దీపాలు పోతే బండి పోతుంది.

నేను అయిదో తరగతిలో ఉన్నాను. క్రిస్మస్‌కి ఇంకా రెండు వారాలుంది. మెటియాబ్రుజ్‌లో ఒక బాలింతకి కుట్లు చూసి తిరిగొస్తున్నాం. పొద్దుగుంకింది, పొయ్యిల పొగ దిగింది. ఆ సాయంత్రం వాన పడిందని మా తమ్ముడు ఈమధ్య వరకూ చెప్పేవాడు. పడలేదు, వాడు అక్కడ లేడు. రోడ్డు పొడిగానే ఉంది. అత్త వేగంగానూ లేదు, మసక దీపాలతో వేగం ఎలా పోతుంది? రేవు గోడ పక్కన మలుపు దగ్గర అత్త హ్యాండిల్ బాగా తిప్పింది. చిన్న చిటపట, ముక్కులోకి ఒక కమురు వాసన, అంతే, మూడు దీపాలూ ఒక్కసారి పోయాయి. హెడ్‌లైటు కూడా.

"గట్టిగా పట్టుకో గుంటా!" అంది అత్త.

ఎదురుగా ఇనుప చువ్వల తోపుడుబండి ఆగి ఉందని మాకు దాన్ని తగిలాకే తెలిసింది. నేను పక్కనున్న బస్తాల మీద పడ్డాను, మోచెయ్యి గీరుకుంది. అత్త కింద పడి బండి ఆమె మీద పడింది. కాలు విరిగింది. రేవు కూలీలు ఎత్తి ఆమె పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళారు.

పిండికట్టుతో ఇంటికి తెచ్చిన రోజు వరసంతా మా గదిలోనే ఉంది. సంఘ పెద్ద ఒకాయన మంచం పక్కన కూర్చుని, దేవుడు ప్రాణం వదిలిపెట్టి బుద్ధి చెప్పాడని ప్రార్థించాడు. వేగంగా వచ్చి ఉంటుందని ఒకరు, ఆడవాళ్ళకి చేతుల్లో బలం ఉండదని ఒకరు అన్నారు. ఆ చేతులతోనే అత్త రోజూ మగ రోగుల్ని ఎత్తి పడుకోబెట్టేది.

"దీపాలు ఆరిపోనాయి మామ్మా. మూడూ ఒక్కసారే ఆరిపోనాయి. కమురు వాసనొచ్చింది," అన్నాను నేను.

"ఈ గుంటకేటి తెల్సు, బయంతో కల్లు మూసుకునుంటాది," అంది మామ్మ.

అత్త నాన్న వైపు చూసింది. "అన్నియ్యా, నువ్వు సెప్పు. వైరు సూసినావా?"

నాన్న వచ్చినవాళ్ళకి టీ తెస్తానని బయటికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్న నేను గుమ్మంలో కూర్చుని ఉండగా నాన్న బండి ముందు గొంతుక్కూర్చుని దీపాలు విప్పడం మొదలుపెట్టాడు. మెడ దగ్గర వైరు బయటికి లాగాడు. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా ఇనుముకి రాసుకుని గుడ్డ టేపు అరిగిపోయింది. లోపలి రాగి తీగ నల్లగా కాలి ఉంది, రబ్బరు కరిగి ముద్దయింది. ఆ వాసన మళ్ళీ నాకు తగిలింది. నాన్న ఆ ముక్కని చాలాసేపు చేతిలో పట్టుకుని చూశాడు. తలెత్తితే నేను కనబడ్డాను.

"లోపలికెల్లు," అన్నాడు.

నేను కదల్లేదు. కత్తెరతో ఆ వైరుని చిన్న చిన్న ముక్కలు చేసి మురుగుకాలవలో వేశాడు.

లోపలి నుంచి అత్త కేకేసింది. "ఏటి సేస్తన్నావు అన్నియ్యా?"

"ఏటీ నేదు. బండి అమ్మాల గదా, శుబ్రం సేస్తన్నాను."

బండి అమ్ముతారని అత్తకి తెలిసింది అప్పుడే. కాలు కుదురుకోగానే, ఈస్టరు దాటాక, ఖరగ్‌పూర్ సంబంధానికే ఇచ్చి చేశారు. ఆసుపత్రి ఉద్యోగం పోయింది, మెటియాబ్రుజ్‌ బాలింతలకి ఇంకెవరూ వెళ్ళలేదు. అత్త నడక కొంచెం ఒక పక్కకి ఒరిగేది. పెళ్ళిలో దాన్ని కూడా అణకువ అనుకుని మెచ్చుకున్నారు.

నాకు ఉద్యోగం వచ్చాక ఒకసారి ఖరగ్‌పూర్ వెళ్ళినప్పుడు ఆ వైరు సంగతి అత్తకి చెప్పాను. బియ్యం ఏరుతూ విన్నది. ఆశ్చర్యపోలేదు.

"తెల్సే," అంది. "మీ నాన్న సెడ్డోడు కాదు. నా కోసమే ఎట్టాడు ఆ దీపాలు. నాను తప్పుగా కట్టినానమ్మా అని మీ మామ్మతో ఒక్క మాట అన్నాడంటే సాలును. కాలు ఇరిగినా బండి ఉండును."

నాన్న ఆ ఒక్క మాట అనకుండానే పోయాడు. మామ్మ పోయింది, అత్తా పోయింది. ఆమె సమాధి ఆరాధనలో మంచి భార్య, మంచి తల్లి, ప్రార్థనాపరురాలు అని పాస్టరు చెప్పాడు. నర్సు అని ఒక ముక్క అన్నాడు. బండి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి అక్కడ తెలిసినవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు.

ఇప్పుడు మా వరస లేదు, బొగ్గు పొయ్యిలు లేవు, అడ్డపొగ తాగే ముసలమ్మలు లేరు. నల్ల అరిసెలు వండటం నాకు వచ్చు, తినేవాళ్ళు లేరు. తెలుగు ఆరాధన నెలకొకసారి జరుగుతుంది. పాటల పుస్తకం చదవలేక పిల్లలు తెలుగు పాటని బెంగాలీ అక్షరాల్లో రాసుకుని పాడతారు. మొన్న ఆదివారం గుడి బయట ఆడపిల్లల స్కూటర్లు వరసగా నిలిపి ఉన్నాయి. వాటిని చూసి ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. అనేవాళ్ళు ఒకప్పుడు ఉండేవారని ఆ పిల్లలకి తెలియదు, తెలియాలని వాళ్ళకీ లేదు.

"అమ్మమ్మా, నువ్వు ఇన్నేళ్ళు ఉద్యోగం చేశావు గదా, బండి ఎందుకు నేర్చుకోలేదు? నిన్నెవరైనా వద్దన్నారా?" అని అడిగింది మేఘన, ఆ శనివారం కొట్టు ముందు హెల్మెట్ పెట్టుకుంటూ.

లేదు. నన్నెవరూ వద్దనలేదు. నేను ఎన్నడూ అడగలేదు.