మూడు స్క్రూలూ సరిగ్గానే పడ్డాయక్కా

రూతమ్మ అక్క ఇక లేదు.

రాస్తున్నాను గానీ నమ్మలేకపోతున్నాను.

నిన్న పొద్దున ఆపరేషన్ థియేటర్ బయట సింక్ దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. వార్డు సిస్టర్ పరుగున వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది. "ఎవరు?" అన్నాను. నా వైపే చూస్తూ ఏడ్చింది.

కుళాయి అలా పోతూనే ఉంది.

లోపల టేబుల్ మీద ఒక ఒమానీ ముసలావిడ. తుంటి విరిగింది. అప్పటికే మత్తు ఇచ్చేశారు. నాకు బదులు ఆ టేబుల్ ముందు నిలబడటానికి ఇంకెవరూ లేరు.

నిలబడాల్సిన మనిషి అక్కే.

కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లాను. చేతులు వాటి పని అవే చేసుకుపోయాయి.

అక్క తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. వాళ్లది పాలకొల్లు. ఇక్కడ ఒమాన్ దేశంలోని రుస్తాఖ్‌లో మా హాస్పిటల్లో ఎముకల ఆపరేషన్లకి థియేటర్ నర్సు. నాకు పని నేర్పింది అక్కే.

తుంటి దగ్గర, తొడ ఎముక పైకొసన మెడలా సన్నగా ఉండే చోట చిట్లితే మూడు పొడుగాటి స్క్రూలు వేస్తారు. ముందు సన్నటి వైర్లు పంపిస్తారు. ఎదురుగా ఒక ఎక్స్‌రే, పక్కనుంచి ఒక ఎక్స్‌రే చూసుకుని, ఆ వైర్ల మీదుగా స్క్రూలు బిగిస్తారు. వచ్చిన కొత్తలో నాకు ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. అక్క విసుక్కుంది.

"పొయ్యిరాళ్లు చూళ్లేదేంటే నువ్వు? మూడూ ఎడంగా ఉండాలి. ఎముక గోడని ఆనుకోవాలి. ఒక్కచోట గుమిగూడితే కుండ దొర్లిపోద్ది. ముందు కిందది ఎయ్యాలి, బరువంతా దాని మీదే."

అంతే, ఇంక మర్చిపోలేదు. లిస్టులో తుంటి కేసు ఉంటే "ఇవాళ పొయ్యి వెలిగిద్దామా అక్కా?" అని ఏడిపించేదాన్ని. "నోరు మూసుకుని ట్రే సర్దవే" అనేది.

పోయిన వారం శుక్రవారం అజైబాలో మా చర్చి ఫెలోషిప్, భోజనాలు అయ్యాక, ఖాళీ బిర్యానీ డేగిసా పట్టుకుని దిగుతూ మెట్ల మీద జారింది. లేచి చీర దులుపుకుంది.

"గోదారి చేపలు తిన్న ఎముకలే ఇవి, ఏం కావు."

నడిచింది కూడా. నడిచింది కదా అని మేమూ వదిలేశాం. చిట్లిన ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగబడితే మనిషి ఒకటి రెండు రోజులు నడవగలదు. మా అందరికంటే ఆ సంగతి అక్కకే బాగా తెలుసు.

శనివారం లిస్టులో రెండు తుంటి కేసులు. ఎక్స్‌రే తగలకుండా వేసుకునే సీసం ఏప్రాన్ ఎంత బరువుంటుందో మోసినవాళ్లకే తెలుస్తుంది. అది తొడుక్కుని, తన తుంటి చిట్లి ఉండగా, వేరేవాళ్ల తుంటికి స్క్రూలు అందించింది మా అక్క.

ఇలాంటి పిచ్చిపని థియేటర్ వాళ్లం తప్ప ఎవరూ చెయ్యరు. పేషెంట్‌కి వస్తేనే అది నొప్పి. మనకొస్తే ఒక టాబ్లెట్, కాస్త బామ్.

రెండో కేసులో కుట్లు పడ్డాక పక్కకి తిరగబోయి నా భుజం పట్టుకుంది. కాలు కదల్లేదు.

మర్నాడు అదే థియేటర్లో అక్కకి ఆపరేషన్. నడుము కింద వరకే మత్తు. ఎక్స్‌రే తెర తనవైపు తిప్పమంది.

"నా పొయ్యి నేను చూసుకోవాలా వద్దా?"

జారిన ఎముకని లాగి సరిచేశారు డాక్టర్ గారు. పక్కనుంచి చూస్తే ఒక వైరు రెండోదానికి బాగా దగ్గరగా వచ్చింది. ఆయనే తీసేసి మళ్లీ పంపారు. స్క్రూలు నేనే అందించాను. మూడూ ఎడంగా, ఒకే వైపుకి, గోడల్ని ఆనుకుని. అక్క తెర వంక తృప్తిగా చూసింది.

"ఇంకేం, అన్నం ఉడికిపోద్ది."

డాక్టర్ గారికి తెలుగు రాదు. అయినా నవ్వారు. అందరం నవ్వాం.

తర్వాత వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసింది. రక్తం గడ్డ కట్టకుండా ఇంజెక్షన్లు ఇచ్చారు. పాదాలు ఆడించమంటే ఆడించింది. చెయ్యాల్సినవన్నీ చేశాం. అన్నీ.

అయినా కాలిలో ఎక్కడో గడ్డ కట్టింది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. నిన్న పొద్దున వార్డులో టీ తాగుతూ ఆయాసంగా ఉందందట. డాక్టర్లు ఎంత పోరాడినా మళ్లీ ఊపిరి రాలేదు.

ఎవర్ని తిట్టను? ఒక్క స్క్రూ వంకర పడి ఉన్నా తిట్టుకోవడానికి నాకు ఒక మనిషి ఉండేవాడు. ఆ ఎక్స్‌రే నిన్నటి నుంచి ఎన్నిసార్లు చూశానో. ఎక్కడా తప్పు లేదు. ప్రార్థన చేద్దామని మోకరిస్తే దేవుడి మీద అరవాలనిపిస్తోంది. అరిచాను కూడా. ఇది చదివి నాకు వాక్యం చెప్పడానికి ఎవరూ ఫోన్ చెయ్యకండి, ప్లీజ్.

బావగారు రుసైల్‌లో గోడౌన్ డ్యూటీ నుంచి కంపెనీ యూనిఫాంతోనే వచ్చారు. అక్క పాదాల దగ్గర కూర్చుని వాటిని చేత్తో నిమిరారు. తర్వాత నన్నడిగారు.

"స్క్రూలు బాగా పడ్డాయన్నావు కదమ్మా?"

"బాగానే పడ్డాయి బావగారూ."

"మరి?"

నేను అక్క మీద దుప్పటి సర్దాను. బావగారే మళ్లీ అడిగారు.

"ఊరికి పంపేముందు అయ్యి తీసేత్తారా?"

తియ్యరని చెప్పాను.

"తియ్యొద్దు. దానికి బాగా నచ్చినియ్యి. దాంతోనే రానీ."

అక్కా, నిన్న ఆ ముసలావిడకి మూడో స్క్రూ అందిస్తూ వెనక్కి తిరిగి చూశాను. నువ్వు సరే అంటావని. గోడ ఉంది.

ఇవాళ మధ్యాహ్నం ఆవిడ వాకర్ పట్టుకుని లేచి నిలబడింది. నువ్వు చెప్పినట్టే వేశాం. కుండ దొర్లలేదు.

నువ్వు మాత్రం ఇక నిలబడకు. ఆ ఏప్రాన్ నేను విప్పి తగిలిస్తాను గానీ, ప్రభువు దగ్గరైనా కాళ్లు చాపుకుని నెమ్మదిగా పడుకో అక్కా.