అత్తమ్మ వేలు ఎత్తిన చోట

కొండపాక బడిలో మూడో తరగతి పిల్లలతో ఒత్తులు రాయిస్తుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ తాగింది, గోడకు ఒరిగింది, గంతే" అన్నాడు. చేతిలో సుద్దముక్క ఉందన్న సోయి కూడా లేకుండా సిద్దిపేట బస్సెక్కాను. దారి పొడుగునా ఏడ్చాను. ఇప్పుడు ఆ ఏడుపు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది. ఎందుకో చెప్తాను గానీ, ముందు అత్తమ్మ ఎవరో మీకు తెలియాలి.

అత్తమ్మ అంటే మా బాపుకు అక్క, నాకు మేనత్త. పెళ్లయిన రెండేళ్లకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది, మళ్లీ ఎక్కడికీ పోలేదు. మా నేతగాళ్ల వాడలో ఏడో తరగతి దాకా చదివిన ఆడమనిషి ఆ రోజుల్లో ఆమె ఒక్కతే. కళ్లజోడు కాడ విరిగితే మగ్గం దారంతో కట్టుకునేది. చాయ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా చదవనిదే పారేసేది కాదు. "ఎవలో పాపం కష్టపడి రాసిన్రు, సదవకుంటె ఎట్ల?" అనేది.

వాడలో పిల్లలందరికీ అక్షరాలు నేర్పింది ఆమే. నాకు కూడా. పక్కన కూర్చోబెట్టుకుని, నా చూపుడు వేలు పట్టుకుని, ఒక్కొక్క అక్షరం కింద జరిపేది. "వేలు ఎత్తకు కోడలా. వేలెత్తితే అక్షరం ఎటో, నువ్వెటో" అనేది. ఇన్నేళ్లుగా నా బడి పిల్లలకు నేను చెప్పేదీ ఆ మాటే.

నన్ను అయిదో తరగతిలో మాన్పించి మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెడతానని తాత అన్నప్పుడు, వంటింట్లో నుంచి గరిటె పట్టుకునే వచ్చింది. "నాకు సదువొచ్చింది కాబట్టే గదా నాయినా, లడాయిల ఉన్న నీ కొడుకు మాట నీ చెవుల వడ్డది! లేకుంటె ఆ కాగితాలు పట్టుకొని ఏం చేద్దువు?" అంది. మర్నాడు తాతే నన్ను బడికి పంపాడు. ఈ రోజు నేను నలుగురు పిల్లలకు టీచర్నంటే ఆమె పుణ్యమే. నా కోపం అబద్ధం కాదు, ఇదీ అబద్ధం కాదు.

ఇక ఆ ఉత్తరాల సంగతి. మా బాపు మిలటరీలో పనిచేశాడు. బంగ్లాదేశ్ యుద్ధానికి పోయేనాటికి అమ్మ కొత్త కోడలు, పదహారేళ్లది. పోస్టుమాన్ ఉత్తరం తెచ్చి తాత చేతికిస్తే, అత్తమ్మ దాన్ని లోపలికి పట్టుకుపోయేది. "ఒకపారి కండ్ల ఏసుకొని వస్త, లేకుంటె నోరు తడబడుతది" అనేది. కాసేపటికి వచ్చి వాకిట్లో అరుగులాంటి గద్దె మీద కూర్చుని గట్టిగా చదివేది. తాత, నానమ్మ, అటు ఇంటివాళ్లు, ఇటు ఇంటివాళ్లు అందరూ వినేవాళ్లు. మామ ముందర కోడలు నిలబడకూడదు కనుక అమ్మ తలుపు వెనకాల రాట్నం దగ్గరే ఉండేది. చప్పుడు అడ్డం రాకుండా రాట్నం ఆపి చెవులు రిక్కించేది.

నాయినకు, అవ్వకు దండాలు. నేను మంచిగున్న. ఎక్కడున్ననో రాయొద్దన్నరు. చలి ఎక్కువున్నది. అందరిని అడిగినట్టు చెప్పండి. ఇంతే ఉత్తరం.

"అందరిల నేను గూడ ఉన్న గదనే!" అని అమ్మ మాకు నవ్వుతూ చెప్పేది. కానీ అప్పుడు మాత్రం ఒకసారి వంటింట్లో అత్తమ్మనే అడిగిందట, "వదినె, నన్ను అడిగినట్టు ఏమన్న రాసిండా?" అని. అత్తమ్మ ఆమె తల నిమిరి, "మా తమ్ముడు గంతే పిల్లా. వాని నోట్లెకెల్లి ఒక మాట రావాలంటె కొమురవెల్లి మల్లన్న దిగి రావాలె" అందట. అమ్మ నమ్మింది. ఎందుకు నమ్మదు?

యుద్ధం అయిపోయింది. బాపు మరో పదిహేనేళ్లు ఆ ఊరూ ఈ ఊరూ తిరుగుతూ ఉద్యోగం చేశాడు. మిలటరీలో చేసే మిగతావాళ్ల భార్యలు మొగుళ్లు ఉన్న చోటికి పోయి క్వార్టర్లలో ఉండి, హిందీ నేర్చుకుని వచ్చారు. అమ్మ ఒక్కసారి కూడా పోలేదు. ఏడాదికోసారి సెలవు మీద వచ్చే మనిషికి నన్నూ తమ్ముణ్ణీ కని, ఇక్కడే కండెలు చుట్టింది. "నీ మొగనికి ఆడ ఇంకోతి ఉన్నదేమో సూసుకో" అని వాడలో ఆడవాళ్లు ఎగతాళి చేస్తే తల వంచుకునేది. పెన్షన్ మీద ఇంటికి వచ్చాక బాపు గద్దెకు ఆ కొసన కూర్చునేవాడు, అమ్మ ఈ కొసన. తిట్టుకోలేదు, కొట్లాడుకోలేదు. ఎవరింటికో వచ్చిన ఇద్దరు చుట్టాల్లా మర్యాదగా ఉండేవాళ్లు. కొన్నేళ్ల కింద బాపు పోయినప్పుడు పాడె లేపుతుంటే అమ్మ ఏడవకుండా ఒకే మాట అంది. "గీ మనిషి నన్ను ఎన్నడూ ఏదీ అడగలే."

పక్కనే నిలబడి అత్తమ్మ ఆ మాట విన్నది.

పోయిన నెల అత్తమ్మను దవాఖానలో చూపించి తీసుకొస్తుంటే, ఆటోలో నా చేతిలో తన సందుగ పెట్టె తాళంచెవి పెట్టింది. "నేను పోయినంక నువ్వే తెరువు. నువ్వే సదువు" అంది. చీరల గురించో, చిన్నప్పటి పుస్తకాల గురించో అనుకున్నాను. ఆమె పోయిన మూడో రోజు తెరిచాను. చీరల అడుగున బిస్కెట్ల డబ్బా, అందులో బాపు ఉత్తరాలు, వచ్చిన వరుసలోనే సర్ది ఉన్నాయి.

యుద్ధం నాటి ప్రతి ఉత్తరంలోనూ చివరి కొన్ని వాక్యాలకు ఇటూ అటూ సన్నగా పెన్సిల్ గీతలు ఉన్నాయి. గద్దె మీద చదివేటప్పుడు తడబడకుండా ఎక్కడ వదిలెయ్యాలో ముందే గీసుకున్న గీతలవి. లోపలికి తీసుకుపోయి "కండ్ల ఏసుకోవడం" అంటే ఇదన్నమాట!

గీతల మధ్య ఉన్నది ఇది. "అక్కా, గీ కింది ముక్క ఆమెను లోపటికి పిలిచి సదువు. నాయిన ముందట వద్దు." ఆ తర్వాత అమ్మ పేరు. పేరు పెట్టి రాశాడు మా బాపు! "కందకంల కూసుంటె నీ రాట్నం చప్పుడు చెవుల్ల తిరుగుతది. నువ్వు యాల్లకు తింటున్నవా?" ఇట్లా ఉత్తరం ఉత్తరానికీ ఉన్నాయి. ఒకదాంట్లో ఇలా ఉంది. "లడాయి అయినంక క్వార్టర్ ఇస్తరట. నాతోని వస్తవా? ఇష్టమైతె అక్కతోని ఒక్క ముక్క రాయించు. ఇష్టం లేకుంటె ఏం రాయకు, నేను సమజ్ చేసుకుంట. ఎదురుంగ మాత్రం అడగ, నీకు కాదనుడు కష్టమైతది."

దాని తర్వాతి ఉత్తరంలో గీతల మధ్య ఒకటే పంక్తి. "నువ్వు ఏం రాయలే. సమజైంది. మల్ల అడగ."

అన్నమాట మీదే ఉన్నాడు, మొండి మనిషి. ఆ తర్వాతి ఉత్తరాల్లో పెన్సిల్ గీతలు లేవు. దాచాల్సిందేదీ ఆయన ఇంక రాయలేదు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా పని. మొదటిసారి అత్తమ్మ సిగ్గుపడి వదిలేసి ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ తర్వాత? తమ్ముడి భార్య వెళ్లిపోతే ముసలివాళ్లతో, మగ్గంతో తనొక్కతే మిగిలిపోతానని భయపడి ఉంటుంది. అదీ అర్థమవుతుంది. అర్థమైతే కోపం పోవాలని ఎక్కడన్నా రాసి ఉందా? వాడంతటికీ అక్షరాలు నేర్పిన మనిషి, అమ్మ తనకూ నేర్పమని అడిగితే మాత్రం "చేతిల కండెలు వెట్టుకొని నీకెందుకే గీ తిప్పలు, నేను లేనా సదువనీకి?" అనేది. అది ప్రేమ అనుకున్నాం మేము. అత్తమ్మా, బతికుండగా ఆ డబ్బా దొరికి ఉంటే నీతో కొట్లాడేదాన్ని. నీ ఒళ్లో పడి ఏడ్చేదాన్ని కూడా. రెండూ లేకుండా చేసి, చెప్పాల్సింది నా నెత్తిన పెట్టి పోయావు.

వారం రోజులు డబ్బా మూత పెట్టి తిరిగాను. దినాల నాడు గద్దె నిండా చుట్టాలు ఉండగా అమ్మ నన్ను తలుపు పక్కకు పిలిచి, బిస్కెట్ల డబ్బా వైపు చూపించింది. "గవి మీ బాపు ఉత్తరాలు గదా? వదినె అప్పుడెన్నడో సదివింది. ఒకపారి మల్ల సదువు బిడ్డా, నేను ఇంట" అంది.

చదవడం మొదలుపెట్టాను. దండాలు, చలి, అందరిని అడిగినట్టు చెప్పండి. పెన్సిల్ గీత దగ్గర నా వేలు ఆగింది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషికి ఇప్పుడు ఇది చెప్పి ఏం చెయ్యను అనిపించింది. వదిలెయ్యడం ఎంత సులువో ఆ క్షణంలో తెలిసింది. తెలిసినందుకు అత్తమ్మ మీద కోపం రెట్టింపైంది. వేలు ఎత్తకుండా చదివేశాను. క్వార్టర్ మాటా చదివాను, సమజైంది మాటా చదివాను.

అమ్మ తల ఎత్తింది. దండ వేసిన అత్తమ్మ ఫొటో వైపు చూసి, "వదినె! నన్ను నోరు తెరిచి అడిగితె, నిన్ను గూడ తోల్కపోదుము గదనే" అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"అడిగిండా మరి!"

"అడిగిండు అమ్మా."

"ఇంకోపారి సదువు. గట్టిగ సదువు, గద్దె మీదోళ్లు ఇననియ్యి."

గట్టిగా చదివాను. బయట మాటలు ఆగిపోయాయి. అయిపోయాక అమ్మ కాగితం మీదికి వంగింది. "నా పేరు రాసిండంటివి. ఏ దగ్గర ఉన్నది?"

ఎన్నో ఏళ్లుగా కండెలు చుట్టి గరుకెక్కిన ఆ చూపుడు వేలు పట్టుకుని, ఆమె పేరు కింద పెట్టాను. అమ్మ ఒక్కొక్క అక్షరం మీదా మెల్లగా జరిపింది, మళ్లీ మొదటికి వచ్చింది. "అన్నానికి లెవ్వున్రి" అని బయట నుంచి ఎవరో పిలిచారు. మళ్లీ పిలిచారు. అమ్మ వేలు ఎత్తలేదు.