శ్రీశైలం అన్నను ఆ మూడు ప్రశ్నలు నేను అడగలేదు

నిన్న పొద్దున శ్రీశైలం అన్న నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది.

టిఫిన్ ఫోటో పెట్టలేదని తిట్టడానికే అనుకుని, నవ్వుకుంటూ ఓపెన్ చేశాను.

రాసింది వదిన.

"మీ అన్న పోయిండు తమ్మి. తెల్లారంగ గుండెనొప్పి వచ్చింది. దవాఖానకు తీస్కపోతుంటెనే అయిపోయింది. గ్రూపుల అందరికి జెప్పు."

మెసేజ్ రెండోసారి చదివాను. నలభై ఒక్క ఏళ్ల మనిషి. మొన్న సాయంత్రం నాతో చాట్ చేసిన మనిషి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. శ్రీశైలం అన్న మా ఆన్‌లైన్ ఫిట్‌నెస్ కోచ్. ఉండేది బోరబండలో. పంజాగుట్టలో ఒక ఆఫీసులో కంప్యూటర్లు రిపేర్ చేసేవాడు. సిక్స్ ప్యాక్ లేదు, యూట్యూబ్ ఛానల్ లేదు. ఉన్నదల్లా ఒక పాత ఫోన్, ఒక వాట్సాప్ గ్రూప్, బోలెడంత ఓపిక.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు కోసం తెనాలి నుంచి అమీర్‌పేట వచ్చిన కొత్తలో నేను గాలొస్తే ఎగిరిపోయేలా ఉండేవాణ్ని. రూమ్మేట్లు "సన్నజాజి" అని పిలిచేవాళ్లు. ఎవరో విదేశీ కోచ్ డైట్ ప్లాన్ డౌన్‌లోడ్ చేసుకున్నాను. ఓట్స్, బ్రోకలీ, సాల్మన్ చేప.

మా హాస్టల్ మెస్‌లో దొరికేది దొండకాయ వేపుడు, నీళ్ల సాంబారు.

"హాస్టల్ తిండితో కండలు వస్తాయా?" అని ఒక ఫిట్‌నెస్ గ్రూపులో అడిగితే అందరూ ఎగతాళి చేశారు. ఒక్కాయన మాత్రం ఇన్‌బాక్స్‌లోకి వచ్చాడు.

"మీ మెస్సుల ఏం పెడ్తరు తమ్మి? జర ప్లేట్ ఫోటో వెట్టు."

అంతే. ఉద్యోగం వచ్చి హాస్టల్ వదిలేసినా, ఈ ఏడేళ్లూ తినే ముందు ప్లేట్ ఫోటో పెట్టడం మానలేదు. మా గ్రూపులో అందరిదీ అదే అలవాటు.

ప్లేటులో ఉన్నదాన్ని ఆయన ఎప్పుడూ తీసిపారెయ్యలేదు. అన్నం ఒక గరిటె తగ్గించు, పప్పు గిన్నె అడుగు నుంచి తోడుకో, రెండు గుడ్లు ఉడకబెట్టుకో, మీల్‌మేకర్ వేడినీళ్లలో నానబెట్టు అనేవాడు. బరువుల విషయంలోనూ అంతే.

"ఇయ్యాల ఎత్తినదానికన్న వచ్చే వారం జరంత ఎక్కువ. గంతే. ఫికర్ జెయ్యకు."

ఒళ్లు నొప్పులని మూలిగితే ఆయన దగ్గర ఒకటే డైలాగ్. "నొప్పంటె కండ వస్తున్నట్టు. పెరుగన్నం తిని పండు."

ఒకసారి బిర్యానీ లాగించి, పాత ప్లేట్ ఫోటో పెట్టాను. నిమిషంలో రిప్లై.

"ఇయ్యాల మంగళారం. మీ మెస్సుల మంగళారం సొరకాయ. గీ దొండకాయ నిన్నటిది. బిర్యాని మంచిగున్నదా?"

మా మెనూ మా వార్డెన్ కన్నా ఆయనకే బాగా తెలుసు. ఆ తర్వాత నేనెప్పుడూ దొంగ ఫోటో పెట్టలేదు.

ఇంకోసారి, ఛాతీ కండల కోసం బెంచ్ ప్రెస్ చేసిన మర్నాడు ఛాతీలో ఎడమవైపు నొప్పి వచ్చింది. గ్రూపులో జోకులా పెట్టాను. ఈసారి ఆయన డైలాగ్ కొట్టలేదు. వెంటనే ఫోన్ చేశాడు.

"నొక్కితె నొస్తుందా, లోపల్నుంచి వస్తుందా? చెమటలు వడ్తున్నయా? ఎడమ చెయ్యి గుంజుతుందా?"

ఏమో అన్నా, తెలియట్లేదన్నాను. పావుగంటలో బైక్ మీద పంజాగుట్ట నుంచి మా హాస్టల్ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన్ని కళ్లారా చూడటం అదే మొదటిసారి. కొంచెం పొట్ట, చెమటకి తడిసిన చొక్కా. నన్ను లాక్కెళ్లి ఈసీజీ తీయించాడు.

కండరాల నొప్పే. డాక్టర్ నవ్వాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"కండనొప్పి అయితె నవ్వుకుంటం తమ్మి. గాకపోతె నవ్వనీకి మనిషే ఉండడు," అన్నాడు.

తర్వాత ఇడ్లీ తినిపించాడు. తినబోతుంటే ఆపి, ప్లేట్ ఫోటో తీశాడు.

ఇక అసలు చెప్పాల్సింది చెబుతాను. చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

మొన్న సాయంత్రం ఆయన నాకు మెసేజ్ పెట్టాడు.

"తమ్మి, నిన్న జిమ్ముల చెస్ట్ ఎక్సర్‌సైజ్ కొట్టిన. ఎడమ దిక్కు గుంజుతుంది. కండనే అంటవా?"

ఏడేళ్లలో ఆయన నన్ను ఒక సలహా అడగడం అదే మొదటిసారి.

నేను మీటింగులో ఉన్నాను. తెలివి ప్రదర్శించాను. ఆయన డైలాగ్ ఆయనకే పంపాను. "కండే అన్నా! పెరుగన్నం తిని పండు." పక్కన రెండు నవ్వే బొమ్మలు.

ఆయన కూడా ఒక నవ్వే బొమ్మ పెట్టాడు.

నొక్కితే నొస్తుందా అని అడగలేదు. చెమటలు పడుతున్నాయా అని అడగలేదు. చెయ్యి లాగుతోందా అని అడగలేదు. ఆ మూడు ప్రశ్నలూ నాకు నేర్పింది ఆయనే.

నిన్న బోరబండలో వదిన నా పక్కన కూర్చుని చెప్పింది. "దవాఖానకు పోదాం అంటి. నీ మెసేజ్ సూపెట్టిండు. నా శిష్యుడే నాకు జెప్తుండు సూడు అని మస్తు ఖుషీ అయిండు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

అక్కడ ఇంక కూర్చోలేకపోయాను.

అన్నా, నీ మూడు ప్రశ్నలు ఇవాళ గ్రూపులో అన్నిటికన్నా పైన పెట్టాను. ఇక మాలో ఎవరికి ఛాతీ నొప్పి అన్నా ముందు అవి అడుగుతాం. జోకులు తర్వాత.

మధ్యాహ్నం నాకు ముద్ద దిగలేదు. అయినా ప్లేట్ ఫోటో తీసి నీ నంబర్‌కి పంపాను. పప్పు, రెండు గుడ్లు, ఒక గరిటె అన్నం.

దొంగ ఫోటో కాదు అన్నా. ఇవాళ్టిదే.

వెళ్లిరా అన్నా. అందరి ప్లేట్లూ చూసి చూసి అలసిపోయావు. ఇక ప్రశాంతంగా పడుకో.