ఇంజనుకు పాకం చూసిన మామ

మొన్న కారు బోనెట్టు ఎత్తి, ఆయిలుందో లేదోనని పుల్ల పైకి లాగితే కాటుకలా నల్లగా ఉంది. మార్పించి నాలుగు రోజులైనా కాలేదే అని కంగారుపడి సర్వీసు వాళ్లకి ఫోను చేస్తే, డీజిలు బండికి నలుపెక్కడమే మంచిదండీ అన్నారు. ఆ మాట వినగానే అనకాపల్లి పక్కన మా మేనమామ చెరకు గానుగ కళ్లముందుకొచ్చేసింది.

అవి రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. సబ్బవరంలో ఉద్యోగం నాది, సెలవు దొరికితే చాలు మామ దగ్గర వాలిపోయేవాణ్ణి. గానుగ తిప్పేది డీజిలు ఇంజను, దాన్ని చూసుకునేది మామ కొడుకు, నాకు బావ. మామది మాత్రం పెనం దగ్గర పెత్తనం. ఉడికే రసాన్ని వేళ్ల మధ్య సాగదీసి, తీగ వచ్చిందంటే దించమనేవాడు, ఆయన దించమన్న బెల్లం అచ్చు కట్టకపోవడమన్నది నేనెరగను. వచ్చిన చిక్కల్లా, ఆ వేళ్లతోనే ఇంజనాయిలునీ చూడటం మొదలెట్టడమే.

ఓ ఏడు బావ పోసిన కొత్త ఆయిలు ఒక్క రోజులోనే నల్లబడింది. పైగా పల్చగా ఉంది. ఇంకేముంది, కొట్టువాడు కల్తీ సరుకు అంటగట్టేడని మామ అగ్గిమీద గుగ్గిలమైపోయి, అదంతా పారబోయించి, తానే టౌనుకెళ్లి వేళ్లతో చూసి మరీ గేర్లకి పోసే చిక్కటి ఆయిలు తెచ్చి పోయించేడు. "తీగ రాంది పాకవేటి, ఆయిలేటి అల్లుడూ!" అన్నాడు నాతో.

మర్నాడు పొద్దున్నే ఆ చలిలో హ్యాండిలు తిరగదే! ఇద్దరు వేలాడితే ఎలాగో అంటుకుంది, అంటుకుని పొగలు కక్కింది, చెరకు నాలుగు గడలు పెట్టేసరికి ఆయాసపడి ఆగిపోయింది. ముట్టుకుంటే చెయ్యి కాలిపోయేంత వేడి. అవతల మామ ఏడాది కష్టమంతా కొట్టిన చెరకై ఎండలో వాడిపోతోంది; ఇంకా ఆలస్యమైతే రసం పులిసి బెల్లమే గట్టిపడదు. తండ్రీకొడుకులకి మాటల్లేవు, మధ్యలో కబుర్లు మోసేవాణ్ణి నేను. చిక్కగా ఉంటే ఇనుమూ ఇనుమూ రాసుకోవని మామ అంటే నిజమే కదా అనిపించేది, అంత చిక్కనిది బేరింగుల్లోకి ఎక్కేదెప్పుడని బావ అంటే అదీ నిజమే అనిపించేది. ఎవరికి తలూపాలో తెలియక ఇద్దరికీ ఊపేవాణ్ణి.

చివరికి బావ, పాత ఆయిలు గొట్టమొకటి, సన్నటిది, తండ్రి చేతిలో పెట్టి, తీగ పాకం ఇందులోంచి పోసి చూపించమన్నాడు. మామ పోసేడు. పాకం సగందాకా వెళ్లి బిగుసుకుపోయింది. మామ గొట్టం కింద పెట్టి, చేతులు కడుక్కుని, కొడుకుతో కాదు, నాతో అన్నాడు, "తీసియ్యమను."

పల్చటి ఆయిలు పోసేక ఇంజను హాయిగా అందుకుంది, చెరకు దక్కింది. సాయంత్రానికి ఆయిలు మళ్లీ నలుపు! రసంలో మడ్డి తేలినట్టు లోపలి మసిని ఆయిలే పట్టుకుంటుందని బావ చెప్తే, "మడ్డి గరిటెతో దేవి పారేత్తాం గానీ, అందులోనే తిప్పుతావేట్రా?" అన్నాడు మామ. అందుకేగా కొన్నాళ్లకి మార్చేదని బావ అన్నా ఆయన నమ్మలేదు. పోయేదాకా రోజూ పుల్ల లాగి వేళ్లతో చూస్తూనే ఉన్నాడు, పెదవి విరుస్తూనే ఉన్నాడు.

ఇప్పుడక్కడ కరెంటు మోటారు తిరుగుతోంది. ఆయిలు గురించి అలిగేవాళ్లూ లేరు, వాళ్ల మధ్య కబుర్లు మోసే పనీ నాకు లేదు. మొన్న ఫోను పెట్టేసి చూసుకుంటే, నా బొటనవేలూ చూపుడువేలూ ఆ నల్లటి ఆయిల్ని మెల్లగా సాగదీస్తున్నాయి. తీగ రాలేదు మామా, మరి దించమంటావా, వద్దంటావా?