అత్తమ్మకు చెప్పిన తెల్ల కణాల పాఠం

శంషాబాద్‌లో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పడం నా ఉద్యోగం. తెల్ల రక్తకణాల పాఠం ఎన్ని బ్యాచులకు చెప్పానో నాకే గుర్తు లేదు. ఆ పాఠాన్ని నా దగ్గర అందరికంటే బాగా ఒంటబట్టించుకున్నది మాత్రం మా అత్తమ్మ. ఈ మాట స్టాఫ్‌రూమ్‌లో గొంతు పెంచి మరీ చెబుతాను. ఎవరైనా కిసుక్కున నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. నవ్వేవాళ్లు ముందు సంగతి పూర్తిగా వినాలి.

మా ఆయన ఎయిర్‌పోర్టు కార్గోలో పని చేస్తాడు. మెడ దగ్గర గడ్డ కనిపిస్తే పరీక్షలు చేసి లింఫోమా అన్నారు. తెల్ల కణాల్లో ఒక జాతికి వచ్చే క్యాన్సర్ అది. మూడు వారాలకోసారి నరంలోకి మందు ఎక్కించాలి. ఎక్కించిన రెండో వారంలో మంచి కణాలు కూడా పడిపోతాయని, అప్పుడు జ్వరం వస్తే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ చెప్పి పంపింది.

మాది చర్చికి పోయే కుటుంబం. మాలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా ఇంటికి వస్తుంది. మంచం చుట్టూ నిలబడి, రోగి తల మీద తలా ఒక చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు. మొదటి మందు పడ్డ రెండో వారం అలాగే వచ్చారు. నేను పరీక్ష డ్యూటీలో ఉన్నాను. అత్తమ్మ అందరినీ సంతోషంగా లోపలికి పిలిచింది. ఒకామె తుమ్ముకుంటూనే చెయ్యి వేసిందట.

రెండు రోజుల్లో ఆయనకు జ్వరం వచ్చింది. ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో కారు ఇరుక్కుంటే, వెనక సీట్లో ఆయన పళ్లు టకటకా కొట్టుకుంటుంటే, నా పై ప్రాణాలు పైనే పోయాయి. దవాఖానలో గండం గడిచింది. ఇంటికి వచ్చేసరికి అత్తమ్మను కడిగిపారేద్దామని మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆమె నాకు సందివ్వలేదు. పుంటికూర కట్టలు ముందేసుకుని కూర్చుని, "నన్ను తర్వాత తిడుదువు గాని బిడ్డా. ముందుగాల ఆ కణాలేందో, ఎవరేం పని జేస్తరో నాకు జెప్పు" అంది.

కూర తుంచుకుంటూ చెప్పాను. అన్నీ ఎముకల్లోని మూలుగలో పుడతాయని చెప్పాను. ఒంట్లోకి క్రిమి దూరితే ముందుగా ఉరికేది న్యూట్రోఫిల్ అని, అది క్రిమిని మింగి తానూ చచ్చిపోతుందని, పుండులో చీము చాలావరకు వాటి శవాలేనని చెప్పాను.

"అయ్యో, పాపం!" అంది అత్తమ్మ. చీము మీద జాలిపడ్డ మనిషిని అప్పుడే చూశాను.

మాక్రోఫేజ్ పెద్ద తిండిపోతు. క్రిములనూ, చచ్చిన న్యూట్రోఫిల్స్‌నూ తిని, తిన్న క్రిమి ముక్కను టి కణాలకు చూపిస్తుంది. టి కణాల్లో కొన్ని మిగతావాటిని పనికి పురమాయిస్తాయి, కొన్ని క్రిమి దూరిన మన సొంత కణాలనే చంపుతాయి. బి కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి, అవి క్రిమిని అతుక్కుని పట్టిస్తాయి. గొడవ సద్దుమణిగాక కొన్ని కణాలు ఆ శత్రువును ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాయి.

అత్తమ్మ తుంచడం ఆపింది. "మరి గా కాపలోళ్లే చెడిపోతేనో?"

నేను చేతిలో కట్ట పక్కన పెట్టాను. "ఆయన జబ్బు గదే అత్తమ్మా. బి కణాలు దారి తప్పినయి. వాటి కోసమని పోసే మందు న్యూట్రోఫిల్స్‌ను గూడ పడగొడ్తది. అప్పుడు చీము పట్టదు, వాపు రాదు. జరమొక్కటే కబురు."

ఆమె మళ్లీ కూర తుంచసాగింది. చివరికి, "మూలుగల పుడ్తయంటివి గద, మేక కాళ్ల పాయ వండి తాపితే?" అంది.

"పాయ తాగితే బలమొస్తది గని, కణాలు రావు."

"గట్లనా. అయినా వండుత."

రెండో మందు పడ్డాక అత్తమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుంది. ఇంటికి వచ్చిన మనిషిని గడప బయట నుంచే పంపడం ఆమె జన్మలో చెయ్యని పని. తుక్కుగూడ నుంచి సొంత చెల్లెలు సంచి నిండా పండ్లతో దిగింది.

"తోడబుట్టినదాన్ని గేటు కాడ నిలబెడ్తవా అక్కా?"

"నిలబెడ్త. నీ ముక్కు కారుతున్నది. తగ్గినంక రా."

ఆదివారం పాస్టర్ అయ్యగారు సంఘంతో వచ్చారు. అత్తమ్మ లేచి దండం పెట్టింది. గేటు గడియ మాత్రం తియ్యలేదు. "అయ్యగారూ, మీ ప్రార్థన గోడ దాటి వస్తది. మీ తుమ్ములు మాత్రం అటే ఉండాలె" అంది. ఆయన నవ్వేశారు. అందరూ వీధిలోనే నిలబడి పాట పాడి ప్రార్థన చేశారు. కిటికీ వెనక నుంచి చూస్తుంటే గర్వంతో నా కళ్లు చెమ్మగిల్లాయి. నా పాఠానికి అంత మర్యాద ఏ క్లాసులోనూ దక్కలేదు.

మూడో మందు పడ్డ రెండో వారంలో ఒక పొద్దున అత్తమ్మ ఇంట్లో కనిపించలేదు. కంగారుపడి ఫోన్ చేశాను.

"ఎదురింట్ల ఉన్న. లేవంగనే గొంతుల గరగర అన్నది, దగ్గు మొదలైంది. గీ ఇంటి ఖాలాను అడిగితే మేడ మీద అర్ర ఇచ్చింది. అన్నం మెట్ల మీద పెట్టిపోతనన్నది. నా కోసం పరేషాన్ గాకు" అంది.

కొడుకు జబ్బుపడితే పక్క వదలని తల్లి. ఆయన గుమ్మంలోకొచ్చి ఎదురింటి కిటికీ వైపు చూస్తూ, "అమ్మా, నువ్వు లేకుంటే ముద్ద దిగుతలేదే. మాస్కు పెట్టుకొనైనా రా" అని బతిమాలాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రాను బిడ్డా. లోపలికి పో" అని కిటికీ రెక్క మూసేసింది.

వారం చివర రక్తం రిపోర్టు వచ్చింది. న్యూట్రోఫిల్స్ లేవడం మొదలైంది. జ్వరం రాలేదు. ఆ తర్వాత మందులు ఒక్కటీ ఆగలేదు, ఇప్పుడాయన మళ్లీ డ్యూటీకి పోతున్నాడు. ఆ రోజు మాకు అదేమీ తెలియదు. ఎదురింటి ముందుకు ఉరికి, "అత్తమ్మా, లేస్తున్నయి!" అని అరిచాను.

ఆమె కిటికీ తెరిచి రెండు చేతులూ ఎత్తి స్తోత్రం చెప్పింది. తర్వాత మెల్లగా, "ఇగ నేను రావచ్చునా బిడ్డా?" అని నన్ను అడిగింది. మేముండే ఇల్లు ఆమెదే. దగ్గరుండి కట్టించుకున్న ఇల్లు. మాట పూర్తవుతూనే దగ్గు తెర వచ్చింది.

రమ్మనబోయి ఆగాను. "దగ్గు తగ్గలేదు అత్తమ్మా. తగ్గినంకనే రాండ్రి" అన్నాను.

ఆమె మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. వెంటనే వీధంతా వినబడేలా, "గదీ! నా కోడలంటే గట్లుండాలె!" అంది. "నన్ను గూడ ఆపినవు. ఇగ నా కొడుకు గురించి నాకు ఫికర్ లేదు. పో, పోయి తలుపేసుకో."